పంకా లాగేదెవరు?

ఇంజనీరింగ్ కాలేజీ సాహిత్య పత్రికలో ఇంటి అలంకరణ మీద వ్యాసం ఏంటి అని నవ్వుకోకండి. ఇంకో ఐదారేళ్ళలో మనలో చాలామందిమి ఉద్యోగం, హోమ్ లోన్, ఫ్లాట్ అనే క్యూలో నిలబడేవాళ్ళమే. అప్పుడు ఒక ఇంటీరియర్ డిజైనర్ ఎదురుగా కూర్చుని, ట్యాబ్‌లో ఫోటోలు జరుపుతూ, "ఏ థీమ్ చేద్దాం? మోడర్నా, స్కాండినేవియనా, కలోనియలా?" అని అడుగుతారు. ఆ మూడో ఆప్షన్ గురించే ఈ వ్యాసం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, తర్వాత తీరిగ్గా వాదించుకుందాం. కలోనియల్ స్టైల్ కుర్చీ కొనుక్కోవడంలో నాకు తప్పేమీ కనిపించట్లేదు. కానీ కుర్చీతో పాటు ఆ దొరల ఇంటి పద్ధతిని కూడా మనకు తెలియకుండానే ఇంట్లోకి తెచ్చుకుంటున్నాం. నా గొడవంతా దాని గురించే.

అందులో ఏముంటుంది?

తెలియనివాళ్ళ కోసం ఒక స్క్రీన్‌షాట్. తెల్లటి గోడలు. ముదురు రంగు టేకు, రోజ్‌వుడ్ సామాను. పేము అల్లిన కుర్చీలు. దోమతెర కట్టిన పందిరి మంచం. ఇత్తడి దీపాలు, పాత తోలు పెట్టె, ఫ్రేము కట్టిన పాత మ్యాపు. నేల మీద పూల డిజైన్ల సిమెంట్ టైల్స్. కిటికీలకు సన్నటి చెక్క రెక్కలు వాలుగా బిగించిన తలుపులు. వీటన్నిటికీ రాజు లాంటిది ప్లాంటర్స్ చెయిర్. వెనక్కి బాగా వాలి ఉండే పేము కుర్చీ అది. దాని చేతులు ఎంత పొడుగంటే, వాటి మీద రెండు కాళ్ళూ బారజాపుకుని పడుకోవచ్చు. తోటలో రోజంతా పని *చేయించి* వచ్చిన దొర కోసం తయారైన కుర్చీ. పని చేసి వచ్చినవాడికి అలాంటిది ఎవరూ తయారు చేయలేదు, గమనించండి.

ఇదంతా చూడ్డానికి బాగుంటుందా అంటే, చాలా బాగుంటుంది. అబద్ధం చెప్పను. మన ఎండకి, మన వెలుతురికి ఆ తెలుపూ ఆ టేకూ భలే నప్పుతాయి. ఎందుకు నప్పవు? అందులో సగం మనదే కదా.

దొరల స్టైలా, మన పనితనమా?

"బంగళా" అనే మాటే బెంగాల్‌ది. బెంగాలీ పల్లెల్లోని గుడిసె ఇంటిని "బంగ్లా" అనేవారు, దాన్ని ఇంగ్లీషు వాళ్ళు పెద్దది చేసుకుని "బంగలో" అన్నారు. ఇంగ్లండ్‌లో సోఫాల మీద, కర్టెన్ల మీద కనిపించే పూల గుడ్డ "చింట్జ్" కూడా ఇక్కడిదే, ఆ పేరు హిందీ "ఛీంట్" నుంచి వచ్చింది. ఆ గుడ్డ ఎక్కువగా వెళ్ళిన చోట్లలో మన కోరమాండల్ తీరం ఒకటి. ఈస్ట్ ఇండియా కంపెనీ 1611లోనే మచిలీపట్నంలో వ్యాపార స్థావరం పెట్టింది. కలంతో గీసి, కృష్ణా తీరంలో దొరికే చిరివేరుతో ఎర్ర రంగు పట్టించి మనవాళ్ళు చేసిన గుడ్డలకు యూరప్‌లో ఎంత గిరాకీ వచ్చిందంటే, అక్కడి నేతగాళ్ళు గోల పెట్టారు. ఫ్రాన్స్ 1686లో వాటిని నిషేధించింది, 1759 దాకా ఎత్తలేదు. ఇంగ్లండ్ 1700లో ఒక చట్టం, 1721లో ఇంకో చట్టం చేసి, రంగుల అద్దకం నూలుగుడ్డ కట్టుకోవడాన్నీ, ఇంట్లో వాడడాన్నీ ఆపాలని చూసింది. ఇవాళ అదే గుడ్డని "ఇంగ్లీష్ కంట్రీ లుక్" అని మనకే అమ్ముతున్నారు. పెడనలో ఆ పని చేసే కుటుంబాలు ఇంకా ఉన్నాయి.

విశాఖపట్నం సంగతి ఇంకా చిత్రం. 18వ శతాబ్దంలో అక్కడి పనివాళ్ళు రోజ్‌వుడ్, నల్లచేవ లాంటి కర్రల్లో ఏనుగు దంతం ముక్కలు పొదిగి, ఆ దంతం మీద సన్నగా తీగలూ పూలూ చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపి కుర్చీలు, బల్లలు, డెస్కులు చేసేవారు. ఆకారం ఇంగ్లీషు, చెయ్యి తెలుగు. కంపెనీ ఉద్యోగులు వాటిని లండన్‌కి పట్టుకుపోయారు. ఇప్పుడవి అక్కడి విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. ప్రపంచమంతా ఆ సామానును "వైజాగపటం ఫర్నిచర్" అంటుంది. ఊరి పేరు మిగిలింది. వాడిన దొర పేరు చాలా వాటికి దొరుకుతుంది. చెక్కినవాడి పేరు మాత్రం వెతికినా కనపడడం కష్టం.

ఇంకొకటి చెప్తే నవ్వొస్తుంది. కలోనియల్ స్టైల్ అనగానే డిజైనర్లు వేయమనే పూల సిమెంట్ టైల్స్ ఉన్నాయి కదా. ఒకప్పుడు అవి విదేశాల నుంచి దిగుమతయ్యేవి. ఆ దిగుమతికి పోటీగా, స్వదేశీ ఉద్యమ స్ఫూర్తితో, 1922లో బొంబాయి దగ్గర సిధ్వా కుటుంబం వాళ్ళు భారత్ టైల్స్ కంపెనీ మొదలుపెట్టారు. అంటే దొరల సరుకు వద్దని పుట్టిన ఫ్యాక్టరీలో తయారైన నేల కూడా ఈరోజు క్యాటలాగ్‌లో "కలోనియల్" కిందే లెక్క.

కాబట్టి "ఛీ, అది బ్రిటిష్ వాళ్ళది, ముట్టుకోకూడదు" అనే వాదన నాకు ఎక్కదు. అలా తీసేసుకుంటూ పోతే మనకు ఏం మిగులుతుంది? ఇల్లు కట్టే మేస్త్రీ పేరు పోర్చుగీసు, ఇంట్లో అలమర పేరు పోర్చుగీసు, ఆవకాయలో కారం కూడా పోర్చుగీసు వాళ్ళు పడవల్లో తెచ్చిన మిరపకాయే. నా సంగతే చూడండి. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. "వరండా" అని తప్ప వసారా, పంచ, అరుగు అనే మూడు వేరువేరు చోట్లు ఉన్నాయని ఈ క్లబ్‌లో చేరేదాకా తెలీదు. నా బుర్రలో ఇంటీరియరే కలోనియల్ స్టైల్, ఇంక కుర్చీనేం అంటాను?

ఆ ఇల్లు ఎలా నడిచేది?

ఇప్పుడు ఇంజనీర్లలా ఆలోచిద్దాం. పాత బంగళా అంటే, ఏసీ లేని రోజుల్లో ఎండని తట్టుకోవడానికి కట్టిన ఒక యంత్రం. చుట్టూ లోతైన వరండా, ఎండ గోడని తాకకుండా. ఎత్తైన పైకప్పు, వేడిగాలి పైకి పోయి మనుషులకు దూరంగా ఉండేలా. పైన చిన్న వెంటిలేటర్లు, ఆ వేడిగాలి బయటకు పోవడానికి. ఎదురెదురుగా తలుపులు, గాలి ఇటునుంచి అటు దూసుకుపోవడానికి. కిటికీల చెక్క రెక్కలు ఎండని ఆపి గాలిని రానిస్తాయి. మందమైన సున్నపు గోడలు పగటి వేడిని ఆలస్యంగా లోపలికి పంపిస్తాయి. ఈ ఉపాయాల్లో చాలావరకు మన పెంకుటిళ్ళలో, మండువా లోగిళ్ళలో వేరే రూపంలో ఉన్నవే.

ఈ రోజు కలోనియల్ థీమ్ ఫ్లాట్‌లో వీటిలో ఏది ఉంటుంది? పైకప్పు పదడుగులు కూడా ఉండదు, దాన్ని ఫాల్స్ సీలింగ్‌తో ఇంకా కిందికి దించుతారు. బాల్కనీని గ్లాసుతో మూసేసి హాల్లో కలిపేస్తారు. చెక్క రెక్కల తలుపుని మాత్రం తెచ్చి, కిటికీయే లేని గోడకి అందం కోసం తగిలిస్తారు. పని చేసే భాగాలన్నీ తీసేసి యూఐ మాత్రం కాపీ కొట్టినట్టు. వెనకాల కోడ్ లేదు, ముందు బటన్ ఉంది. నొక్కితే ఏమీ జరగదు, ఏసీ ఆన్ చేసుకోవాలి.

కానీ ఆ యంత్రంలో ఇంకో భాగం ఉంది. దాని గురించి ఏ క్యాటలాగూ చెప్పదు. అవి మనుషులు.

పంకా అంటే మనకి ఫ్యాన్. ఆ రోజుల్లో పంకా అంటే పైకప్పు నుంచి వేలాడే పెద్ద చెక్క చట్రం, దానికి గుడ్డ కుచ్చులు. దానికి కట్టిన తాడు గోడలో కన్నం గుండా వరండాలోకి వెళ్తుంది. అక్కడ నేల మీద ఒక మనిషి కూర్చుని లాగుతూ ఉంటాడు. దొర భోంచేస్తున్నంతసేపూ, ఆఫీసు చూస్తున్నంతసేపూ, రాత్రి నిద్రపోతున్నంతసేపూ. గాలి లోపలివాళ్ళకి, చెమట బయటివాడికి. వాడు కునుకు తీస్తే తన్నులు. ఆ తన్నులకు చనిపోయినవాళ్ళూ ఉన్నారు. 19వ శతాబ్దపు కోర్టు కేసుల్లో, "మలేరియా వల్ల అతని ప్లీహం ముందే ఉబ్బి ఉంది, చిన్న దెబ్బకే పగిలింది" అనే వాదనతో తేలికపాటి శిక్షతో బయటపడిన దొరలు ఉన్నారు. ఇ. ఎం. ఫాస్టర్ 1924లో రాసిన "ఎ పాసేజ్ టు ఇండియా" నవలలో కోర్టు సీన్ ఒకటి ఉంది. అందులో కేసు ముగిసి, అందరూ వెళ్ళిపోయి, హాలు ఖాళీ అయ్యాక కూడా ఏం జరిగిందో తెలియకుండా పంకా లాగుతూనే ఉంటాడొక మనిషి. నవల మొత్తంలో నాకు గుర్తుండిపోయింది అతనే.

పంకా ఒక్కటే కాదు. ఎండాకాలం తలుపులకి కట్టిన వట్టివేళ్ళ తడికల మీద గంటగంటకీ నీళ్ళు చల్లడానికి ఒకడు. స్నానానికి నీళ్ళు మోసే ఒకడు. దీపాలకి ఒకడు, పాయిఖానా ఎత్తడానికి ఒకడు. వంటిల్లు అసలు ఇంట్లోనే ఉండేది కాదు. పొగా, వాసనా, పనివాళ్ళూ కంటపడకుండా వెనక విడిగా కట్టేవారు. ఫోటోలో మనకి కనిపించే ఆ ప్రశాంతత, ఆ ఖాళీ, ఆ తెల్లదనం అంతా ఆ ఫ్రేములో లేనివాళ్ళు తయారు చేసింది.

మా తాతయ్య చెప్పింది

ఇది నాకు పుస్తకాల్లో చదివిన విషయం మాత్రమే కాదు. మా అమ్మ వాళ్ళ నాన్న గోదావరి కాలువ పక్కన ఒక పాత ప్రభుత్వ బంగళాలో వాచ్‌మన్. వాచ్‌మన్ అంటే వంట, ఊడ్చడం, బూట్లు తుడవడం, అన్నీ. 30 ఏళ్ళకు పైగా చేశారు. ఆయన చేరేనాటికి దొరలు పోయి 20 ఏళ్ళు దాటింది. కరెంటు ఫ్యాన్లు వచ్చేశాయి. కానీ దూలానికి పంకా కొక్కేలు అలాగే ఉండేవట, గోడలో తాడు కన్నం కూడా. అందులో పిచ్చుకలు గూడు పెట్టేవట. వరండాలో ఆ చేతుల కుర్చీలు రెండు. వచ్చే ఆఫీసర్లు మనవాళ్ళే, మాట్లాడేది తెలుగే, కాళ్ళు జాపేది మాత్రం ఆ కుర్చీలోనే.

"మీరెప్పుడైనా అందులో కూర్చున్నారా తాతయ్యా?" అని అడిగాను.

"ఎవరూ లేనప్పుడు కూడా కూర్చోలేదురా. వద్దని నాకెవరూ చెప్పలేదు. చెప్పక్కర్లేదు" అన్నారు.

ఆ చివరి మాట దగ్గరే నేను ఆగిపోయాను. నోటీసు బోర్డు లేదు, రూలు లేదు, ఖాళీ కుర్చీ ఉంది, ఎదురుగా అలసిపోయిన మనిషి ఉన్నాడు. అయినా కూర్చోడు. కలోనియల్ అంటే నాకు అర్థమైంది అది. అది కుర్చీ పేములో లేదు, ఆ "చెప్పక్కర్లేదు"లో ఉంది.

పోయిన ఏడాది మా పెద్దమ్మ కూతురు హైదరాబాద్‌లో ఫ్లాట్ తీసుకుని సరిగ్గా ఆ కుర్చీనే ఆన్‌లైన్లో ఆర్డర్ పెట్టింది. ఫ్యామిలీ గ్రూపులో చిన్న యుద్ధమే జరిగింది. "తాతయ్య తుడిచిన కుర్చీ మనకెందుకే" అని మా మావయ్య. "తాతయ్య తుడిచింది కాబట్టే నేను కూర్చోవాలి" అని అక్క. నా ఓటు అక్కకే. వాచ్‌మన్ మనవరాలు సొంత డబ్బుతో ప్లాంటర్స్ చెయిర్ కొనుక్కుంటే, దానికంటే మంచి ముగింపు ఆ కుర్చీకి ఇంకేం ఉంటుంది?

అసలు కలోనియల్ ఎక్కడుందంటే

కానీ ఆ ఫ్లాట్ ప్లాన్ చూశాను నేను. వంటింటి వెనక యుటిలిటీ, దాని పక్కన "ఎస్. రూమ్" అని ఒక చిన్న గది. ఒక మంచం పడితే ఇంకేం పట్టదు. కిటికీ లేదు, షాఫ్ట్ వైపు చిన్న వెంటిలేటర్. ఫ్యాన్ పాయింట్ ఉంది, ఏసీ పాయింట్ లేదు. దానికి లోపలి నుంచి కాకుండా బయటి కారిడార్ నుంచి వేరే తలుపు. కింద రెండు రకాల లిఫ్టులు. ఒకదాని మీద "సర్వీస్" అని రాసి ఉంది. ఇంట్లో పనిచేసేవాళ్ళు, డెలివరీ అబ్బాయిలు దాంట్లోనే వెళ్ళాలి. సోఫా బరువుకి వేరే లిఫ్ట్ అంటే నాకు అర్థమవుతుంది. మనిషికి వేరే లిఫ్ట్ దేనికి?

ఈ ప్లాన్‌ని ఏ బ్రిటిష్ వాడూ గీయలేదు. మనలాంటి ఇంజనీరింగ్ కాలేజీల్లో చదువుకున్నవాళ్ళే ఆటోక్యాడ్‌లో గీశారు. దీనికి కలోనియల్ థీమ్ అక్కర్లేదు. హాలు మోడర్న్‌గా ఉన్నా, స్కాండినేవియన్‌గా ఉన్నా, పూర్తి ఆంధ్రా స్టైల్లో ఉయ్యాల బల్ల వేసినా, వెనక ఆ గది ఉంటే పాత బంగళా ప్లానే. మనుషుల్ని వెనక గుమ్మం నుంచి రమ్మనడం మనకి దొరలు వచ్చాకే తెలిసిందని కూడా నేను అనను. మన ఊళ్ళలో ఎవరు అరుగు దాకా రావాలి, ఎవరు వాకిట్లోనే ఆగాలి అనే లెక్కలు అంతకుముందు నుంచే ఉన్నాయి. దొరలు వాటికి ఇంకో పొర వేశారు. మనం ఆ రెండింటికీ కలిపి లిఫ్ట్ పెట్టాం.

పేరు మారిస్తే సరిపోతుందా?

2020లో అమెరికాలో హూస్టన్ రియల్టర్ల సంఘం తమ లిస్టింగుల్లో "మాస్టర్ బెడ్రూమ్" అనే మాట తీసేసి "ప్రైమరీ బెడ్రూమ్" అని పెట్టింది. అదే ఏడాది అక్టోబర్ నుంచి గిట్‌హబ్ కొత్త రిపోజిటరీల్లో "మాస్టర్" బ్రాంచ్ పోయి "మెయిన్" వచ్చింది. మనమందరం ఇప్పుడు మెయిన్‌కే పుష్ చేస్తున్నాం. కలోనియల్ స్టైల్‌ని కూడా కొందరు "ట్రాపికల్" అనీ "హెరిటేజ్" అనీ పిలవడం మొదలుపెట్టారు. మంచిదే, మాటకి విలువ ఉంది. సాహిత్య పత్రికలో కూర్చుని మాటకి విలువ లేదంటే బాగోదు. కానీ వేరియబుల్ పేరు మార్చినంత మాత్రాన ఫంక్షన్ చేసే పని మారదు. ఆ చిన్న గదికి "ఎస్. రూమ్" బదులు "హెల్పర్స్ స్వీట్" అని పేరు పెట్టినా కిటికీ రాదు.

పేరూ మారి, పనీ మారిన ఇల్లు కూడా ఒకటి ఉంది, మన కోఠీలోనే. 1803 ప్రాంతంలో హైదరాబాద్ రెసిడెంట్ కిర్క్‌పాట్రిక్ కట్టించడం మొదలుపెట్టిన బ్రిటిష్ రెసిడెన్సీ. కలోనియల్ అంటే దానికి మించిన కలోనియల్ తెలుగు నేల మీద చూడలేం. పెద్ద పెద్ద స్తంభాలు, మెట్లకి రెండు వైపులా సింహాలు. దేశం స్వతంత్రమయ్యాక దాన్నెవరూ కూలగొట్టలేదు. 1949లో అమ్మాయిల కాలేజీకి ఇచ్చారు. ఇప్పుడది విశ్వవిద్యాలయం. 2024లో దానికి వీరనారి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. దొరల బట్టలు ఉతికిన కులంలో పుట్టి, తన పంట కోసం దొరతోనే కొట్లాడిన ఆమె పేరు. మెట్లు అవే, స్తంభాలు అవే. ఎక్కేవాళ్ళు మారారు. కలోనియల్ భవనాన్ని ఏం చేయాలి అని ఎవరైనా అడిగితే నేను చూపించే జవాబు అది.

మరి ఏం చేద్దాం అంటావ్?

థీమ్ మీ ఇష్టం. నేను మూడు ప్రశ్నలు మాత్రం అడగమంటాను.

ఒకటి, ఇది ఎవరు చేశారు? పేము అల్లినవాళ్ళు, గుడ్డ అద్దినవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఎక్కడో ఫ్యాక్టరీలో కొట్టిన నకలుకి "కలోనియల్" అని ఎక్కువ డబ్బులు ఇచ్చే బదులు పెడన దాకానో, మీ ఊళ్ళో పేము కుర్చీలు అల్లే మనిషి దగ్గరికో వెళ్ళండి. పేరు అడగండి.

రెండు, ఇది పని చేస్తుందా? ఆ పాత ఇళ్ళ నుంచి తీసుకోవాల్సింది నీడా, గాలీ, ఎత్తూ. అవి వదిలేసి కొక్కేనికి ఉత్తుత్తి పంకా వేలాడదీయడంలో అర్థం లేదు.

మూడు, ఈ ఇంట్లో పంకా ఎవరు లాగుతున్నారు? ఇంట్లో పనిచేసే మనిషి ఏ తలుపులోంచి వస్తోంది, ఏ గ్లాసులో టీ తాగుతోంది, అలిసిపోతే ఎక్కడ కూర్చుంటోంది? సోఫా మీద కూర్చోవద్దని మీరెప్పుడూ అనలేదు కదా అంటారేమో. మా తాతయ్యకి కూడా ఎవరూ అనలేదు. కాబట్టి కూర్చోమని మనమే నోరు తెరిచి చెప్పాలి, ఒకసారి కాదు, ఆవిడ నిజంగా కూర్చునేదాకా.

మనలో కొందరు రేపు సివిల్ వైపో ఆర్కిటెక్చర్ వైపో వెళ్ళి నిజంగానే ప్లాన్లు గీస్తారు, మిగతావాళ్ళం ఆ ప్లాన్లు కొంటాం. గీసేవాళ్ళు ఆ చివరి గదికి ఒక కిటికీ పెట్టండి. కొనేవాళ్ళం అడుగుదాం, కిటికీ ఏదని. బిల్డర్లు కొనేవాళ్ళు అడిగినవన్నీ ఇస్తారు. క్లబ్‌హౌస్ అడిగాం, ఇచ్చారు. స్విమ్మింగ్ పూల్ అడిగాం, ఇచ్చారు. ఇది మనం ఇంతవరకూ అడగలేదు, అంతే.